వెంకటేష్ సిరీస్ కదా అని పిల్లలతో కూర్చుంటే...



2023 మార్చి 10న నెట్‌ఫ్లిక్స్‌లో ‘రానా నాయుడు’ మొదటి సీజన్ వచ్చిన రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. నిజ జీవితంలో బాబాయ్, అబ్బాయి అయిన వెంకటేష్, రానా అందులో తండ్రీకొడుకులుగా నటించారు. ముంబైలో సినిమావాళ్ల, డబ్బున్నవాళ్ల గొడవలను గుట్టుచప్పుడు కాకుండా సర్దిపెట్టే కొడుకు, జైలు నుంచి బయటికొచ్చిన తండ్రి, వాళ్లిద్దరి మధ్య పాత పగ, ఇదీ కథ. 2013 నుంచి 2020 దాకా అమెరికాలో ఏడు సీజన్లు నడిచిన ‘రే డోనవన్’ దీనికి మాతృక. పది ఎపిసోడ్లు కదా, రాత్రి భోజనాలయ్యాక అందరం కలిసి చూద్దామని రిమోట్ పట్టుకున్న ఇళ్లు చాలానే ఉన్నాయి. మొదటి ఎపిసోడ్ సగం కూడా కాకముందే ఎవరో ఒకరు లేచి టీవీ ఆపేయాల్సి వచ్చింది.

అప్పుడు ప్రేక్షకులు చేసిన ఫిర్యాదంతా కథ మీద కాదు, మాటల మీద. సిరీస్ హిందీలో తీసినా తెలుగు డబ్బింగ్‌లో బూతులు ఉన్నవి ఉన్నట్టే దిగాయి. పరాయి భాషలో తిట్టు చెవికి కాస్త దూరంగా వినపడుతుంది. మన భాషలో అదే మాట నేరుగా గుండెకు తగులుతుంది, పక్కన అత్తగారో, ఏడో తరగతి చదివే కొడుకో ఉంటే మరీనూ. పైగా ఆ మాటలు అంటున్నది వెంకటేష్. ‘కలిసుందాం రా’, ‘నువ్వు నాకు నచ్చావ్’, ‘దృశ్యం’, ‘ఎఫ్2’ చూసి ఆయన సినిమా అంటే ఇంటిల్లిపాదీ వెళ్లొచ్చని మనం కొన్ని దశాబ్దాలుగా నమ్ముతున్నాం. మన చూపు ఆ పేరు మీదే నిలిచింది, తెర మూలన ఉన్న ‘ఏ’ అన్న అక్షరం మీదికి పోలేదు. ఇది కుటుంబంతో కలిసి చూసే సిరీస్ కాదని ప్రచారంలోనే చెప్పారు. హీరో మీద ఉన్న నమ్మకం ముందు ఆ హెచ్చరిక నిలబడలేదు.

ఒక విచిత్రం చెప్పాలి. అన్ని విమర్శలు వచ్చాక జనం చూడడం మానేశారా అంటే లేదు. 2023 మొదటి ఆరు నెలల లెక్కలను నెట్‌ఫ్లిక్స్ ఆ ఏడాది డిసెంబరులో బయటపెట్టింది. ‘రానా నాయుడు’ను ప్రపంచవ్యాప్తంగా సుమారు 4.6 కోట్ల గంటలు చూశారని అందులో ఉంది. ‘ఛీ, ఎంత ఘోరంగా ఉందో’ అని నలుగురూ చెప్పుకోవడం కూడా ఒక రకమైన ప్రచారమే. పెద్దలు హాల్లో కూర్చుని ఆ మాట అనుకుంటుంటే పక్క గదిలో హోంవర్క్ చేస్తున్న పిల్లవాడి చెవులు కూడా పనిచేస్తూనే ఉంటాయి.

రెండో సీజన్ 2025 జూన్ 13న, శుక్రవారం వచ్చింది. మన రాష్ట్రంలో వేసవి సెలవులు ముగిసి బడులు తెరిచిన మర్నాడే అన్నమాట! ఈసారి ఎనిమిది ఎపిసోడ్లు, ప్రతినాయకుడిగా అర్జున్ రాంపాల్. బూతుల మోతాదు తగ్గుతుందని వెంకటేష్ ముందే చెప్పారు, తగ్గింది కూడా. ప్రేక్షకుల స్పందన మాత్రం రెండుగా చీలింది. ‘హమ్మయ్య, ఈసారి చూడగలిగాం’ అన్నవాళ్లున్నారు, ‘మొదటి సీజన్‌లో ఉన్న పదును పోయింది’ అని పెదవి విరిచినవాళ్లూ ఉన్నారు. ఏది బాగుందన్నది పెద్దల అభిరుచికి సంబంధించిన విషయం, అందులోకి మేము వెళ్లం. తల్లిదండ్రులు గమనించాల్సింది వేరే ఉంది. ‘తగ్గించారట’ అన్న మాట నాలుగు నోళ్లు తిరిగేసరికి ‘పిల్లలు కూడా చూడొచ్చట’ అయిపోతుంది. తగ్గింది మోతాదు మాత్రమే. హత్యలు, నెత్తురు, పెద్దల వ్యవహారాలు ఇంకా ఉన్నాయి. సిరీస్ రేటింగ్ ఇప్పటికీ ‘ఏ’నే.

సినిమా హాలుకు, మన హాలుకు తేడా

ఈ రేటింగ్ ఎవరిస్తారో చాలామందికి స్పష్టంగా తెలియదు. సినిమా థియేటర్లోకి రావాలంటే సెన్సార్ బోర్డు సర్టిఫికెట్ ఉండాలి. బోర్డు అభ్యంతరం చెప్పిన మాట దగ్గర శబ్దం ఆగిపోతుంది, లేదా ‘బీప్’ మోగుతుంది. ‘ఏ’ సినిమాకు పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లను థియేటర్‌వాళ్లు లోపలికి పంపకూడదు. ఆ బీప్‌కు మనం ఎంత అలవాటు పడ్డామంటే, తెర మీద కనపడేదంతా ఎవరో ఒకరు వడపోసి పంపారనే అనుకుంటాం. ఓటీటీ సిరీస్‌కు సెన్సార్ బోర్డు లేదు. కేంద్ర ప్రభుత్వం 2021 ఫిబ్రవరిలో తెచ్చిన ఐటీ నిబంధనల ప్రకారం ఓటీటీ సంస్థే తన కార్యక్రమాలకు రేటింగ్ వేసుకోవాలి. యు, యు/ఏ 7+, యు/ఏ 13+, యు/ఏ 16+, ఏ అని ఐదు రకాలు. యు/ఏ 13+ అంటే ఆ వయసు దాటినవాళ్లు చూడొచ్చు, అంతకంటే చిన్నవాళ్లయితే పెద్దల మార్గదర్శకత్వం ఉండాలి. 13+ నుంచి పైవాటికి తల్లిదండ్రులు తాళం వేసుకునే సదుపాయం ఇవ్వాలని కూడా ఆ నిబంధనల్లో ఉంది. తాళం వాళ్లిచ్చారు, దాన్ని వేయాల్సింది మాత్రం మనమే. పెద్ద తెర మీద సినిమా చూడాలంటే మన వెలుగోడువాళ్లమైనా థియేటర్ దాకా వెళ్లాలి. ఓటీటీకి అదీ అక్కర్లేదు. ఫోన్ రీచార్జితో పాటే కొన్ని ఓటీటీలు ఉచితంగా వచ్చేస్తున్నాయి, గేటు దగ్గర టికెట్ చించేవాడు కూడా లేడు.

‘మావాడు చూశాడు కానీ ఒక్క చెడ్డ మాట కూడా అనలేదు’ అని కొందరు తల్లిదండ్రులు ధీమాగా చెబుతారు. దీని మీద ఒక పాత ప్రయోగం ఉంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1961లో నర్సరీ పిల్లలతో మొదలుపెట్టిన పరిశోధనలకు అది కొనసాగింపు. 1965లో ప్రచురించిన ఆ ప్రయోగంలో పిల్లలకు ఒక చిన్న ఫిల్మ్ చూపించారు. అందులో ఒక పెద్దమనిషి గాలి నింపిన పెద్ద బొమ్మను కొడుతూ, వింత మాటలతో తిడతాడు. కొందరు పిల్లలు చూసిన ఫిల్మ్ చివర అతనికి బహుమతి దొరుకుతుంది, ఇంకొందరు చూసినదాంట్లో శిక్ష పడుతుంది, మిగిలినవాళ్లు చూసినదాంట్లో ఏమీ జరగదు. తర్వాత పిల్లలను ఆ బొమ్మ దగ్గర వదిలారు. శిక్ష చూసినవాళ్లు అతన్ని తక్కువగా అనుకరించారు. అప్పుడు బండూరా ఇంకో పని చేశాడు. ఫిల్మ్‌లో చూసింది చేసి చూపిస్తే మంచి బహుమతులిస్తానన్నాడు. అంతే, మూడు గుంపుల మధ్య ఉన్న తేడా దాదాపు మాయమైపోయింది. శిక్ష చూసి ఊరుకున్న పిల్లలు కూడా అన్నీ నేర్చుకునే ఉన్నారు, బయటపెట్టలేదంతే.

మన ఇంటికి దీన్ని అన్వయించుకుంటే సంగతి తేలిగ్గానే అర్థమవుతుంది. ఇంట్లో ఆ మాట అంటే నాన్న చెంప పగలగొడతాడని పిల్లవాడికి తెలుసు కాబట్టి అక్కడ అనడు. ఆట స్థలంలో, స్కూల్ బస్సు వెనక సీట్లో అదే మాటకు నలుగురు స్నేహితులు పకపకా నవ్వుతారు. పన్నెండేళ్ల పిల్లవాడికి ఆ నవ్వును మించిన బహుమతి ఉండదు. చెంపదెబ్బ మాటను దాచిపెట్టగలదు, నేర్చుకున్నదాన్ని చెరపలేదు.

ఈ నెలలో అరగంట

ఆదివారం ఒక అరగంట తీరిక చేసుకుంటే చాలు. నెట్‌ఫ్లిక్స్‌లో ఇంట్లో ఒక్కొక్కరికి వేరే ప్రొఫైల్ పెట్టుకోవచ్చు. పిల్లల ప్రొఫైల్‌కు ఏ వయసు రేటింగ్ వరకు కనపడాలో అకౌంట్ సెట్టింగ్స్‌లో మీరే నిర్ణయించవచ్చు. ఫలానా సిరీస్ అసలు కనపడకూడదనుకుంటే దాని పేరు కొట్టి ఆపేయవచ్చు. పిల్లల ప్రొఫైల్ పెట్టి, అమ్మానాన్నల ప్రొఫైల్‌ను తాళం లేకుండా వదిలేస్తే మాత్రం వాకిలికి గొళ్లెం పెట్టి పెరటి తలుపు బార్లా తీసినట్టే. పెద్దల ప్రొఫైల్‌కు నాలుగంకెల పిన్ పెట్టండి, అది పిల్లల పుట్టిన సంవత్సరం కాకుండా చూసుకోండి, వాళ్లు మొదట కొట్టేది ఆ అంకెలే. ఒక ఎపిసోడ్ అయిపోగానే తర్వాతిది దానంతట అదే మొదలవడాన్ని కూడా సెట్టింగ్స్‌లో ఆపవచ్చు. ఎవరి ప్రొఫైల్‌లో ఏం చూశారో తేదీలతో సహా ఉంటుంది. దాన్ని దొంగను పట్టుకున్నట్టు కాకుండా, ‘ఇదేదో చూశావే, ఎలా ఉందిరా?’ అని మాట కలపడానికి వాడుకోండి. మిగతా ఓటీటీల్లోనూ ఇలాంటి పిన్ సదుపాయాలున్నాయి.

ఈ తాళాలకు లొంగనివి రీల్స్. ‘ఏ’ రేటింగ్ సిరీస్‌లోంచి ఎవరో ముప్పై సెకన్ల ముక్క కత్తిరించి, కింద నవ్వు బొమ్మలు పెట్టి వదులుతారు. ఆ ముక్కకు రేటింగ్ ఉండదు, పిన్ అడగదు. సిరీస్ పేరైనా తెలియని పిల్లలు అందులోని డైలాగు చెప్పడం ఇందువల్లే. దీనికి సెట్టింగ్స్‌లో పూర్తి మందు లేదు. పడుకునే గదిలో ఫోన్ లేకుండా చూడడం, పిల్లలు చూస్తున్నప్పుడు అప్పుడప్పుడు పక్కన కూర్చోవడం, ఈ రెండే మాకు తోచిన దారులు.

నేర కథలన్నీ పిల్లలకు విషమని మేము అనడం లేదు. 2025 మార్చిలో వచ్చిన ‘అడాలసెన్స్’ అనే బ్రిటిష్ సిరీస్‌లో తోటి విద్యార్థినిని హత్య చేశాడన్న ఆరోపణతో పదమూడేళ్ల పిల్లవాడు అరెస్టవుతాడు. నాలుగే ఎపిసోడ్లు. దాన్ని బ్రిటన్‌లోని హైస్కూళ్లలో ఉచితంగా చూపించే ఏర్పాటు జరిగితే ఆ దేశ ప్రధాని స్వాగతించారు. పిల్లలు ఫోన్లో ఏ లోకంలో తిరుగుతున్నారో తల్లిదండ్రులకు తెలియకపోవడమే ఆ కథకు కేంద్రం. ముందు మీరిద్దరూ చూడండి. ఆ తర్వాత తొమ్మిది, పది చదివే పిల్లలతో కలిసి చూడవచ్చో లేదో మీ పిల్లల మనసు తెలిసిన మీరే నిర్ణయించుకోండి.

ఏదైనా కార్యక్రమానికి వేసిన రేటింగే తప్పని మీకనిపిస్తే ఫిర్యాదు చేసే హక్కు ఉంది. ప్రతి ఓటీటీ సంస్థ ఒక ఫిర్యాదుల అధికారిని నియమించి, వివరాలను తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఆ అధికారి 15 రోజుల్లోగా నిర్ణయం చెప్పాలి. చెప్పకపోయినా, చెప్పింది మీకు నచ్చకపోయినా సంస్థల స్వీయ నియంత్రణ మండలికి వెళ్లవచ్చు, దానిపైన కేంద్ర సమాచార, ప్రసార శాఖ పర్యవేక్షణ ఉంటుంది. ఫిర్యాదులో సిరీస్ పేరు, సీజన్, ఎపిసోడ్ నంబరు, ఆ సన్నివేశం ఎన్నో నిమిషంలో వస్తుందో రాసిపెట్టుకుంటే పని తేలికవుతుంది.