పేరుకే ఉల్లి: బొగ్గు నేలల్లో అడవి ఉల్లిగడ్డ

వేసవి ముదిరేవేళ తెలంగాణ ఎండు గుట్టల వాలులలో ఆకు ఒక్కటైనా లేకుండా నేలలో నుండి నిటారుగా ఒక పూకాడ లేస్తుంది. దాని పొడవునా మాసిన గోధుమరంగు చిన్న పూలు తలలు వంచి వ్రేలాడుతుంటాయి. ఒక్కొక్క పువ్వు ఆయుష్షు అతి స్వల్పం. ఆకులు తొలకరి తరువాతనే వస్తాయి. వానలు వెనుకబట్టాక అవీ ఎండిపోతాయి. ప్రజలు అడవి ఉల్లి అనీ, నక్క ఉల్లిగడ్డ అనీ పిలిచే ఈ మొక్క ఆయుర్వేదంలో వనపలాండువు. శాస్త్రీయ నామం డ్రిమియా ఇండికా. పాత గ్రంథాలలో అర్జీనియా ఇండికాగా కనిపిస్తుంది.

పేరులో ఉల్లి ఉన్నా ఇది ఉల్లి జాతి కాదు. ఉల్లి, వెల్లుల్లి ఆలియం ప్రజాతికి చెందినవి. ఉల్లికి సమీప అడవి బంధువులు మధ్య ఆసియా పర్వతాలలో పెరుగుతాయి. డ్రిమియాను నేడు శతావరి కుటుంబంలో చేర్చుతున్నారు. గడ్డ కోసినప్పుడు ఉల్లి ఘాటు రాదు. జిగురు కారుతుంది, సూదుల వంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాల వల్ల చేతులు దురద పెడతాయి. ఈ తేడా తెలిసి ఉండటం ప్రాణావసరం. గడ్డలోని గ్లైకోసైడ్లు నేరుగా గుండెపై పనిచేస్తాయి. తగిన మోతాదులో కఫహరంగా, మూత్రకారిగా వాడిన ఔషధమే మోతాదు మించితే వాంతులు కలిగించి, గుండె లయ తప్పించి ప్రాణం తీస్తుంది. గడ్డను కాల్చి ఆనెకాయలకు కట్టే వాడుక పల్లెలలో ఉంది. కడుపులోకి తీసుకొనే సొంత వైద్యం మాత్రం తగదు. మధ్యధరా ప్రాంతపు బంధువైన ఎర్ర గడ్డను ఎలుకల మందుగా వాడేవారు. ఎలుక వాంతి చేసుకోలేదు గనుక తిన్న విషం దాని కడుపులోనే ఉండిపోతుంది.

రామగుండం, గోదావరిఖని పరిసరాలలోని ఉపరితల గనులలో బొగ్గును చేరాలంటే ముందుగా పైమట్టి, ఆ తరువాత ఇసుకరాయి పొరలు తొలగించాలి. అడవి ఉల్లి వంటి గడ్డజాతి మొక్కల జీవమంతా ఆ పైమట్టిలోనే ఉంటుంది. పైమట్టిని వేరుగా నిల్వచేసి పునరుద్ధరణకు వాడాలన్నది గనుల అనుమతులలో సాధారణంగా ఉండే షరతే. అయితే కుప్ప అడుగున చిక్కిన గడ్డ ఆకును వెలుతురులోకి పంపలేదు. నిల్వ ఆహారం తరిగాక కుళ్ళిపోతుంది. మట్టి దిబ్బలపై చెట్లు నాటినంత మాత్రాన ఈ మొక్క తిరిగి రాదు. అంతకన్నా చిక్కు మరొకటి ఉంది. గనికి ముందు జరిపే పర్యావరణ అధ్యయనాలలో క్షేత్ర వివరాలు తరచుగా వానాకాలం కాని ఒక్క ఋతువులోనే సేకరిస్తారు. శీతాకాలంలో వెళ్ళినవారికి నేలపై ఈ మొక్క ఆనవాలే ఉండదు. జాబితాలో పేరు చేరదు, పేరు లేనిదాన్ని కాపాడేవారూ ఉండరు.

వేరొక చోటి నుండి గడ్డలు తెచ్చి నాటితే సరిపోదా అన్న ప్రశ్న సహజం. ఈ జాతిలో 20, 30, 40 క్రోమోసోములున్న రూపాలు ఉన్నాయి. వీటిలో 30 ఉన్న త్రిస్థితికాలు విత్తనం ద్వారా సరిగా వృద్ధి చెందవు. పిల్లగడ్డలే వాటికి ఆధారం. అన్ని రూపాలనూ ఒకటిగా చూసి కలిపేస్తే ఆ నేలలో ఏ రూపం ఉండేదో తెలియకుండానే పోతుంది. కనుక స్థానిక గడ్డలనే తీసి ఉంచడం మేలు.

ఇందుకు పెద్ద ఖర్చు లేదు, కాలమెరిగి పనిచేయడమే ముఖ్యం. పూకాడలు లేచినప్పుడు గాని, వానాకాలంలో ఆకులున్నప్పుడు గాని మొక్కలను కొయ్యలతో గుర్తించాలి. ఆకు పూర్తిగా ఎండాక, మట్టి తొలగించే యంత్రాలు రాకముందే, వేళ్ళు తెగకుండా గడ్డలను తవ్వితీయాలి. చేతులకు తొడుగులు తప్పనిసరి. కోసిన గడ్డ పొరలను అడుగుచెక్కతో సహా ఇసుకలో ఉంచితే వాటి మొదట పిల్లగడ్డలు పుడతాయి కనుక నర్సరీలో సంఖ్య పెంచుకోవచ్చు. దిబ్బ వాలులలో నీరు నిలవని చోట, పూర్వం ఎంత లోతున ఉండేవో అంతే లోతున, తొలకరికి ముందే వీటిని నాటాలి. ఆపై చెట్ల నీడ దట్టంగా కమ్ముకోకుండా ఆ జాగాలను విడిగా ఉంచాలి.