ప్రకృతిచిత్రము: ఆలంబనమా, ఉద్దీపనమా?

ఆలంకారికుల మతమున నదీపర్వతాదులు ఉద్దీపనవిభావములు, నాయికానాయకులు ఆలంబనములు. కావుననే దండి కావ్యాదర్శమున సముద్రశైలవర్ణనలను మహాకావ్యాంగములుగాఁ బేర్కొనెను.

చిత్రకళయం దీ క్రమము విలోమమగుటయుఁ గలదు. 18వ శతాబ్దపు ఐర్లండు చిత్రములే యిందులకుఁ దార్కాణము. డబ్లినునఁ బుట్టిన ఎడ్మండు బర్కు 1757లో ఉదాత్తసుందరములను వివేచించు గ్రంథమును బ్రకటించెను. ఆయన ప్రోత్సాహము నందిన జార్జి బారెట్టు పవర్స్‌కోర్టు జలపాతమును జిత్రించెను. అందు జలపాతమే ప్రధానము, మనుష్యులు అల్పమాత్రులు.

ఆంధ్రదేశమున దామెర్ల రామారావు (1897-1925) గోదావరీప్రాంత దృశ్యములను స్వతంత్రవస్తువులుగాఁ జిత్రించెను.

ఇట్టి చిత్రములందుఁ బ్రకృతియే ఆలంబనము. చూచు సహృదయుఁడే భావమునకు ఆశ్రయము. కావున మోపిదేవి వరిచేలనో, హంసలదీవికడ కృష్ణాసాగరసంగమమునో నాయకుఁడు లేకయే వర్ణించిన విద్యార్థి పద్యమును నీరసమని త్రోసివేయుట శాస్త్రసమ్మతము గాదు.