మంచు నేల, మంట, పొద: ఆర్కిటిక్ కొండవాలుపై కొన్ని అపోహలు

ఆర్కిటిక్ అనగానే మనకు తెల్లటి మంచు, ధ్రువపు ఎలుగుబంటి గుర్తొస్తాయి. కానీ వేసవిలో అలాస్కా, సైబీరియా ఉత్తర ప్రాంతాల కొండవాలుల్లో విల్లో, మరుగుజ్జు బర్చ్, ఆల్డర్ పొదలు పచ్చగా కమ్ముకుని ఉంటాయి. కొన్ని దశాబ్దాలుగా అవి చాలాచోట్ల విస్తరిస్తున్నాయి కూడా. వేడి పెరిగింది కాబట్టి పొదలు పెరిగాయని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. అది సగం నిజమే. ఒకే కొండపై ఒకచోట పొద లేచి, పక్కనే లేవకపోవడానికి కారణం నేలలో ఉంది.

అపోహ: గడ్డకట్టిన నేల రాయిలా కదలకుండా ఉంటుంది.

వాస్తవం: కనీసం రెండేళ్లు వరుసగా సున్నా డిగ్రీలకు మించని నేలను పెర్మాఫ్రాస్ట్ అంటారు. దాని మీది పొర ఏటా వేసవిలో కరిగి, చలికాలంలో మళ్లీ గడ్డకడుతుంది. టండ్రాలో చాలాచోట్ల ఆ పొర మీటరు లోతు కూడా ఉండదు. వేళ్లన్నీ అందులోనే సర్దుకోవాలి. సన్నమట్టి గడ్డకట్టేటప్పుడు చుట్టుపక్కల నీటిని తనవైపు లాక్కుని మంచు పలకలుగా పేర్చుకుంటుంది. దాంతో నేల ఉబుకుతుంది, వేసవిలో కుంగుతుంది. ఏళ్ల తరబడి ఇలా జరిగితే పైనున్న నాచు చీలి, గుండ్రటి బోడి మట్టి మచ్చలు బయటపడతాయి. దట్టమైన నాచుపై రాలిన చిన్న విత్తనం వేరు మట్టిని అందుకోవడం కష్టం. ఈ మచ్చల్లో ఆ ఇబ్బంది లేదు. వాయవ్య సైబీరియాలోని ఖార్ప్ దగ్గర ఆల్డర్ పొదలు ఇలాంటి మచ్చలను ఆసరా చేసుకునే వ్యాపించాయని 2013లో పరిశోధకులు చూపించారు. అయితే నేల మరీ ఎక్కువగా ఉబికే చోట లేత మొలకలు వేళ్లతో సహా పైకి లేచిపోతాయి.

అపోహ: వాలుపై నీరు జారిపోతుంది, కాబట్టి మొక్కలకు తడి అందదు.

వాస్తవం: అడుగున గడ్డకట్టిన పొర ఉన్నందున నీరు లోతుకు ఇంకదు. పైపొరలోనే సన్నటి దారులు చేసుకుని కిందికి పారుతుంది. అలాస్కా వాలులపై ఆ దారుల వెంట విల్లోలు చుట్టుపక్కల మొక్కల కంటే ఏపుగా పెరిగి చారల్లా కనిపిస్తాయి.

అపోహ: అంత తడినేల తగలబడదు.

వాస్తవం: 2007 జులైలో ఉత్తర అలాస్కాలో, అనాక్టువుక్ నది దగ్గర పిడుగు పడి మంట రాజుకుంది. వేసవి చివర్లో వానలు లేక నాచు, దాని కింది సేంద్రియ పొర బాగా ఎండిపోయి, సెప్టెంబరులో ఆ మంట విజృంభించింది. వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా కాలిపోయింది. సుమారు 20 లక్షల టన్నుల కార్బన్ గాలిలో కలిసింది.

అపోహ: మంట వచ్చిందంటే పొదల పని అయిపోయినట్టే.

వాస్తవం: కొమ్మలు కాలినా, నేలలోని మొదళ్ల నుంచి విల్లో, బర్చ్ మళ్లీ చిగురిస్తాయి. ఎండ వేడిని అడ్డుకునే నాచు కాలిపోవడంతో నల్లబడ్డ నేల వేడెక్కి, మరింత లోతుకు కరుగుతుంది. విత్తనాలకు బోడి మట్టి దొరుకుతుంది. అయితే ఇది వాలంతా ఒకేలా జరగదు, నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఈ విషయమే. అలాస్కాలోని సీవర్డ్ ద్వీపకల్పంలో 1977లో కాలిన ఒక కొండవాలును శాస్త్రవేత్తలు మంటకు ముందూ చూశారు, ఆ తర్వాత 24 ఏళ్ల వరకూ గమనించారు. నీరు బాగా దిగే నిటారు భాగంలో విల్లోలు విస్తరించాయి. దిగువన, తడి ఎక్కువున్నచోట, తుంగ జాతి కాటన్‌గ్రాస్ కుదుళ్లు త్వరగానే కోలుకున్నాయి.

అపోహ: పచ్చదనం పెరిగితే ఎలా చూసినా మేలే.

వాస్తవం: వేసవిలో పొద నీడ నేలను చల్లబరిచే మాట నిజం. కానీ చలికాలంలో అదే పొద గాలికి కొట్టుకొచ్చే మంచును పట్టి ఉంచుతుంది. ఆ మంచు పొర కింద నేల మరీ చల్లబడదు, సూక్ష్మజీవులు పనిచేస్తూనే ఉంటాయి. అవి విడుదల చేసే నత్రజని మళ్లీ పొదకే ఎరువవుతుంది. ఇక సీవర్డ్ వాలుపై మంట తర్వాత 24 ఏళ్లయినా లైకెన్లు పెద్దగా తిరిగి రాలేదు. చలికాలంలో కారిబూ దుప్పులకు ముఖ్యమైన మేత అవే. ఆ దుప్పులను వేటాడి తినే అలాస్కా ఆదివాసీ ఇన్యుపియాట్ కుటుంబాలు ఈ నష్టాన్ని పచ్చదనపు లెక్కల్లో చూడలేవు.