మెక్‌డొవెల్ కౌంటీ: నైసర్గిక స్వరూపం, చరిత్ర, జనాభా

అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో రాష్ట్రానికి దిగువనుండే పాలనావిభాగం కౌంటీ. దీనిని తెలుగులో 'జిల్లా' అనడం పరిపాటి. అది చాలావరకు సరిపోతుంది. 'రూరల్' అన్న విశేషణాన్ని 'గ్రామీణ' అని అనువదించినప్పుడే చిక్కు వస్తుంది. ఆ మాట వినగానే తెలుగు పాఠకునికి సేద్యం, పశుసంపద స్ఫురిస్తాయి. వెస్ట్ వర్జీనియా రాష్ట్రపు దక్షిణ కొసన ఉన్న మెక్‌డొవెల్ కౌంటీ గ్రామీణ ప్రాంతమే అయినా, దాని చరిత్రను నడిపించినది బొగ్గుగని.

సుమారు 1,385 చదరపు కిలోమీటర్ల ఈ కౌంటీ అపలాచియన్ కొండల నడుమ ఉంది. కొండవాలులు నిటారుగా, లోయలు ఇరుకుగా ఉంటాయి. సమతలం అరుదు కావడంతో టగ్ ఫోర్క్ నది, దాని ఉపనదుల ఒడ్డునే ఇళ్లు, రోడ్డు, రైలుమార్గం ఒకదానినొకటి ఒరుసుకొని ఉంటాయి. వరద వస్తే మూడూ మునుగుతాయి. 2001, 2002 సంవత్సరాల వరదలు ఇందుకు నిదర్శనం.

ఈ కౌంటీ 1858లో వర్జీనియా రాష్ట్రంలో భాగంగా ఏర్పడింది; 1863లో వెస్ట్ వర్జీనియా విడివడినప్పుడు అందులో చేరింది. 1880లో ఇక్కడి జనాభా 3,074 మాత్రమే. ఆ తరువాత నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ రైలుమార్గం రావడంతో పోకహాంటస్ బొగ్గుపొరల తవ్వకం ఊపందుకొంది. భూమిలో అధికభాగం బయటి కంపెనీల వశమైంది. ఇల్లు, దుకాణం కూడా కంపెనీవే అయిన గని ఊళ్లు వెలిశాయి. దక్షిణాది రాష్ట్రాల నుండి నల్లజాతీయులు, ఇటలీ, హంగరీల నుండి వలసకార్మికులు వచ్చారు. దక్షిణాదిలో నల్లజాతీయులకు దాదాపు మృగ్యమైన ఓటుహక్కు ఇక్కడ నిలిచి ఉండటం గమనార్హం. ఈ కౌంటీలోని కీస్టోన్‌కు చెందిన మినీ బకింగ్‌హామ్ హార్పర్ 1928లో శాసనసభకు నియమితులై, ఆ దేశంలో శాసనసభ్యత్వం పొందిన తొలి నల్లజాతి మహిళ అయ్యారు.

1920 నాటికి 68,571కి చేరిన జనాభా 1950లో 98,887తో శిఖరాన్ని అందుకొంది. పదేళ్లలో అది 71,359కి పడిపోయింది. బొగ్గు అయిపోవడమే ఇందుకు కారణమని భావించడం పొరపాటు. 1950 నాటి వేతన ఒప్పందంతో గని కార్మిక సంఘం యంత్రీకరణకు సమ్మతించింది. తవ్వకం సాగుతూనే ఉంది. తవ్వేవారి అవసరం తగ్గింది. కంపెనీల భూమిలో ప్రత్యామ్నాయ జీవనోపాధి పెంపొందే అవకాశమూ స్వల్పం. కాబట్టి ఈ జనక్షయాన్ని ప్రకృతివనరుల క్షీణతగా కంటే శ్రమసంబంధాల మార్పుగా చదవడం సమంజసం.

1960 ఎన్నికల ప్రచారంలో జాన్ ఎఫ్. కెనెడీ వెస్ట్ వర్జీనియా గని ప్రాంతాల పేదరికాన్ని కళ్లారా చూశారు. ఆయన అధ్యక్షుడైన తరువాత ప్రయోగాత్మకంగా ఆరంభమైన ఫుడ్ స్టాంపుల పథకంలో తొలి స్టాంపులు 1961 మే 29న ఈ కౌంటీ కేంద్రమైన వెల్చ్‌లోనే అందాయి. 1980 దశకంలో ఉక్కు పరిశ్రమ మాంద్యంతో గేరీ ప్రాంతపు గనులు మూతపడ్డాయి. 1980లో 49,899గా ఉన్న జనాభా 1990 నాటికి 35,233 అయింది.

2020 గణన ప్రకారం జనాభా 19,111. ఈ సంఖ్యను యథాతథంగా స్వీకరించరాదు. అమెరికా జనగణన ఖైదీలను వారున్న చోటనే లెక్కిస్తుంది. వెల్చ్ సమీపంలో ఫెడరల్ కారాగారం ఉంది. ఆ మేరకు ఊళ్లలో నివసిస్తున్నవారు ఇంకా తక్కువ.