జారిపడడం గ్రహచారం కాదు

గుడివాడ ప్రాంతపు రైసుమిల్లులో ముఠా కూలీ జారిపడితే, ఆసుపత్రికి వెంటవచ్చినవారు సాధారణంగా అనే మాట ఒకటే: "వాడి గ్రహచారం, డాక్టరుగారూ!"

కాదు. కారణం నేలమీదే ఉంది. తవుడులో నూటికి 15 నుంచి 20 పాళ్లు నూనె ఉంటుంది. నున్నటి సిమెంటు గచ్చుపై అది చిందితే పాదానికి పట్టు దొరకదు. 75 కిలోల ధాన్యం బస్తా మోసేవాడికి కాలి ముందున్న తాడుముక్క కనబడదు; తూలితే నిలదొక్కుకోలేడు. తొడ ఎముక విరిగిందా, నెలల తరబడి కూలి పోయినట్లే.

నివారణకు ఖర్చు స్వల్పం. చిందిన తవుడును వెంటనే ఊడ్పించండి. మోత దారిలో ఏ వస్తువూ ఉంచకండి. అక్కడ మంచి వెలుతురు ఉండాలి. అరిగిన చెప్పులు పనికిరావు. బస్తాలతో ఎక్కే బల్లకు అడ్డపట్టీలు కొట్టించండి. నేలపై జారుడు పదార్థాలు ఉండరాదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 32వ సెక్షనే చెప్పింది.

పడినవాణ్ణి గబుక్కున లేపకండి. మెడ, నడుము నొప్పి అన్నా, కాళ్లు తిమ్మిరన్నా కదపకుండా 108కి ఫోను చేయండి. తలకు దెబ్బ తగిలాక వాంతులు, మగత కనిపిస్తే ఆలస్యం ప్రాణాపాయం.

ఇంటి దొడ్లో పాకుడుకూ ఇదే సూత్రం: పడకముందే నేలను చూడండి.