పేరు నుండి ఊరికి

ఆనందపురమను పేరు గల గ్రామములు తెలుగునాట పెక్కు కలవు. అందొకటి విశాఖపట్టణమునకు ఉత్తరముగా, కోల్‌కత–చెన్నై జాతీయ రహదారిపై, పూలసంతకు పేరుగాంచి యున్నది. "ఆనందపురము" అని మాత్రమే వ్రాసి ఉత్తరమును తపాలా పెట్టెలో వేసినచో అది ఏ యూరు చేరునో చెప్పజాలము. అందువలననే ఊరి పేరు తరువాత మండలము, జిల్లా, రాష్ట్రము వ్రాయుట ఆచారమైనది. తపాలావారు ఆ చిరునామాను క్రిందినుండి పైకి చదువుదురు: మొదట రాష్ట్రము, పిమ్మట జిల్లా, ఆ పిమ్మట ఊరు. దేశములోని ఇండ్లన్నియు ఎరిగిన గుమాస్తా ఎవడును లేడు. ఉత్తరమును తరువాత ఎవరికి అందింపవలెనో మాత్రము ప్రతివానికిని తెలియును. అయినను ఉత్తరము ఇల్లు చేరుచున్నది.

ఈ ఆనందపురము మండలములోని తర్లువాడ పేరు 2025లో వార్తాపత్రికల కెక్కినది. విశాఖ ప్రాంతమున సుమారు 1,500 కోట్ల డాలర్ల వ్యయముతో మహాసమాచార కేంద్రమును నిర్మింతుమని గూగుల్ సంస్థ ఆ యేటి అక్టోబరు 14న ప్రకటించెను. ఆ ప్రణాళికలో తర్లువాడ యొక స్థలము. అట్టి యంత్రశాలలో ఎంత సమాచారము నిలువయున్నను, దానిని కోరువానికి దారి తెలియనిచో ఫలమేమి? పేరు చెప్పినంతనే దారి చూపు ఏర్పాటొకటి ఉండవలెను. దానినే డొమైన్ పేర్ల వ్యవస్థ, సంగ్రహముగా డి.ఎన్.ఎస్., అందురు.

కంప్యూటర్లు ఒకదానినొకటి గుర్తించునది పేర్లతో గాదు, అంకెలతో. 203.0.113.7 అనునట్లు, చుక్కలతో వేరుచేసిన నాలుగు సంఖ్యలే కంప్యూటరు చిరునామా. ఈ పద్ధతిలో సుమారు 429 కోట్ల చిరునామాలు మాత్రమే సాధ్యము. అవి చాలవని తరువాత మరింత పొడవైన చిరునామాలు కూడ వాడుకలోనికి వచ్చినవి. మనుష్యునికి పేరు గుర్తుండును గాని అంకెలు గుర్తుండవు. కావున పేరును అంకెగా మార్చు పట్టిక ఒకటి అవసరమైనది.

తొలి దినములలో ఆ పట్టిక ఒక్కటే. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డు పరిశోధన సంస్థలో ఎలిజబెత్ ఫీన్లర్ అను విదుషీమణి నాయకత్వమున అది నిర్వహింపబడెను. క్రొత్త కంప్యూటరు చేరినప్పుడెల్ల ఆమె బృందమునకు తెలియజేయవలెను. తక్కినవారు ఆ పట్టికకు నకలు తెచ్చుకొనవలెను. కంప్యూటర్లు వందలలో నున్నంతవరకు పని సాగినది. సంఖ్య పెరిగినకొలది పట్టిక బరువెక్కెను; నకళ్లు పాతబడెను. 1983లో పాల్ మొకపెట్రిస్ అను శాస్త్రజ్ఞుడు దీనికి విరుగుడు కనిపెట్టెను. పట్టికను పెంచుటకు మారు దానిని పంచుటయే ఆయన ఉపాయము. ఏ శాఖ పేర్లను ఆ శాఖవారే చూచుకొందురు. పైవారికి ఆ శాఖ అధికారి ఎవరో తెలిసిన చాలును.

ఒక ఉదాహరణము చూతము. విశాఖపట్టణములోని ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఇంగ్లీషు లిపిలో నున్న ఇంటర్నెట్టు పేరును తెలుగున వ్రాసినచో 'ఆంధ్రయూనివర్సిటీ.ఈడీయూ.ఇన్' అగును. ఆనందపురములోని విద్యార్థి తన ఫోనులో ఈ పేరు కొట్టెననుకొందము. ఫోను మొదట తన జ్ఞాపకములో వెదకికొనును. దొరకనిచో, సాధారణముగా ఇంటర్నెట్టు సరఫరా చేయు సంస్థకు చెందిన 'రిసాల్వరు'ను అడుగును. రిసాల్వరనగా విద్యార్థి పక్షమున ఊరూరా విచారించి వచ్చు దూత. ఆ దూతకును తెలియనిచో అది పేరును కుడినుండి ఎడమకు చదువుచు బయలుదేరును.

మొదట 'రూట్' సర్వరు. లోకములో ఇట్టి సర్వర్ల పేర్లు 13 మాత్రమే. కాని వాని ప్రతులు దేశదేశములలో వేయికి పైగా కలవు. "ఆ విద్యాలయము నేనెరుగను, 'ఇన్' శాఖవారిని అడుగుము" అని రూట్ సర్వరు చెప్పును. 'ఇన్' భారతదేశపు శాఖ. దాని సర్వరు విశ్వవిద్యాలయపు పేర్లు చూచు సర్వరెక్కడనో చెప్పును. ఆ కడపటి సర్వరు అంకెను ఇచ్చును. ఈ తిరుగుడంతయు సామాన్యముగా రెప్పపాటులో ముగియును.

దూత తెలిసికొన్న జవాబును మరచిపోదు, కొంతకాలము దాచుకొనును. ఎంతకాలము దాచవలెనో జవాబుతో పాటే సెకండ్లలో తెలుపబడును: 3,600 అనిన గంట, 86,400 అనిన దినము. దీనినే 'టీటీఎల్' అందురు. అందువలన తరువాత వచ్చిన విద్యార్థికి జవాబు వెంటనే దొరకును. కాని కంప్యూటరును క్రొత్త చిరునామాకు మార్చినపుడు, ఆ గడువు తీరువరకు కొందరు పాత యింటి తలుపే తట్టుచుందురు. కావుననే అనుభవజ్ఞులు మార్పునకు ముందుగానే ఆ గడువును తగ్గింతురు.

"అట్టి పేరు లేదు" అను జవాబు వేరు. జవాబే రాకపోవుట వేరు. మొదటిది పేరు తప్పనుటకు గుర్తు. రెండవది దారి తెగెననుటకు గుర్తు కావచ్చును. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ సంస్థ తన యంత్రజాలమున చేసిన మార్పులో పొరపాటు దొర్లి, దాని డి.ఎన్.ఎస్. సర్వర్లకు పోవు దారులు లోకమునకు కనబడకుండ పోయినవి. సుమారు ఆరు గంటలు ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ కోట్ల జనులకు అందలేదు.

దారి తెగుటకంటె దారి తప్పించుట భయంకరము. దూత చెవిలో ఎవడైన దొంగ చిరునామా నూదినచో, బ్యాంకు పేరు కొట్టినవాడు మోసగాని వాకిట నిలుచును. ఇది ఎంత సులభమో 2008లో డాన్ కమిన్‌స్కీ కనిపెట్టగా, ప్రపంచములోని ప్రముఖ కంప్యూటరు సంస్థలు ఏకకాలమున సవరణలు చేసినవి. జవాబుపై చెరపరాని సంతకముంచు 'డీఎన్ఎస్సెక్' పద్ధతి 2010 జూలైలో రూట్‌కు అమలైనది. సంతకము జవాబు నిజమైనదని తెలుపునే గాని దానిని రహస్యముగా దాచదు.

పట్టికను పంచుటవలన మన భాషకు మేలొకటి కలిగినది. మొదట ఈ పేర్లకు ఇంగ్లీషు అక్షరములు 26, అంకెలు 10, అడ్డగీత మాత్రమే అనుమతింపబడెను. తెలుగు అక్షరములను ఆ గుర్తులలోనికి మార్చు పద్ధతి 2003లో స్థిరపడినది. 2011లో తెలుగు లిపిలోని 'భారత్' అనునది రూట్ పట్టికలో చేరినది. ఇపుడు ఊరి పేరును తెలుగుననే వ్రాసి, చుక్క పెట్టి, 'భారత్' అని ముగింపవచ్చును. తెరచాటున అది ఇంగ్లీషు గుర్తులుగా మారి, వెనుకటి మెట్లే ఎక్కి దిగి వచ్చును.

పాఠశాలలోని ఏ కంప్యూటరులోనైనను 'ఎన్ఎస్‌లుకప్' అను ఆజ్ఞనిచ్చి, ఒక పేరునకు వచ్చు అంకెను విద్యార్థులు స్వయముగా చూడవచ్చును. ఆ అంకె వెనుక సర్వజ్ఞుడెవడును లేడు. తనకు తెలిసినంత చెప్పి, తెలియనిదానికి తెలిసినవారిని చూపు సర్వర్ల వరుస మాత్రమే కలదు. ఆ వరుసలో ఒక్కటి మూగబోయినను, ఒక్కటి అబద్ధమాడినను, పేరు తెలిసియు ఊరు దొరకకపోవచ్చును.