తలుపు తెరిచినవారి ఋణం

మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా అరుణా మిల్లర్ 2023 జనవరి 18న ప్రమాణ స్వీకారం చేసినప్పుడు తెలుగువారు గర్వించడం సహజమే. అయితే ఆమె పుట్టింటి పేరు కాట్రగడ్డ అని తెలిసిన మరుక్షణమే నా చుట్టూ ఉన్న విద్యావంతులు కొందరు ఆమె కులమేదని అడిగారు. ఆమె చేసిన పనేమిటని అడిగినవారు తక్కువ.

హైదరాబాదులో పుట్టిన ఆమె ఏడేళ్ల వయసులో, 1972లో అమెరికా చేరారు. సివిల్ ఇంజనీరుగా మాంట్‌గోమరీ కౌంటీ రవాణా శాఖలో పాతికేళ్లు పనిచేశారు. 2010లో రాష్ట్ర ప్రతినిధుల సభకు ఎన్నికై రెండు పర్యాయాలు కొనసాగారు. 2018లో కాంగ్రెస్ స్థానానికి డెమొక్రాటిక్ పార్టీ అభ్యర్థిత్వం కోరి ఓడిపోయారు. 2022లో వెస్ మూర్‌తో కలిసి పోటీచేసి గెలిచారు. మూర్ ఆ రాష్ట్రానికి తొలి నల్లజాతి గవర్నర్.

ఈ జోడీ వెనుక ఒక చరిత్ర ఉంది. నల్లజాతీయుల పౌరహక్కుల పోరాటం మార్చిన రాజకీయ వాతావరణంలోనే 1965 వలస చట్టం వచ్చింది. జాతీయతల వారీ కోటాలు రద్దై, ఆసియావారికి తలుపు తెరుచుకుంది. ఆ తలుపు దాటడానికి కావలసిన డిగ్రీలు మాత్రం ఇక్కడ అందరికీ అందలేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువ నీరు ఎవరి పొలాలకు చేరిందో, ఆ మిగులు ఎవరి పిల్లల చదువుగా మారిందో గోదావరి జిల్లాలకు తెలుసు. అవే పొలాల్లో నాట్లు వేసిన దళిత కుటుంబాలకు ఆ చదువు తరాల తరబడి దూరమైంది. ఇది ఏ ఒక్క కుటుంబం మీదా అభియోగం కాదు, వలసకు ఉన్న సామాజిక పునాది.

మిల్లర్ ప్రమాణం చేసిన మరుసటి నెలలోనే సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది. కాలిఫోర్నియా చట్టసభలు ఆమోదించిన అలాంటి బిల్లును అక్టోబరులో గవర్నర్ న్యూసమ్, ఉన్న చట్టాలే చాలునంటూ తిప్పి పంపారు. ఆ బిల్లును కొన్ని ప్రవాస హిందూ సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి.

అమెరికా తెలుగు ఇళ్లలోనూ అన్నవరం సత్యదేవుని వ్రతం జరుగుతుంది. ఆ వ్రతకథలో గొల్లలు పెట్టిన ప్రసాదాన్ని చిన్నచూపుతో వదిలేసిన తుంగధ్వజ మహారాజు సర్వం కోల్పోతాడు. తిరిగి వచ్చి ఆ గొల్లలతో కలిసి పూజించాకే పోయినవి దక్కుతాయి. ఏటా ఈ కథ వింటూనే సాటి ఉద్యోగి కులం ఆరా తీసేవారు రాజు తప్పునే మళ్లీ చేస్తున్నారు.

నల్లజాతీయులకు మనం పడిన ఋణం తీరే దారి ఒకటే. తాము దాటి వచ్చిన తలుపు వెనుక మిగిలినవారి పక్షాన ప్రవాసులు నిలవాలి. ప్రవాస తెలుగు ప్రజాప్రతినిధి ఎవరైనా మన విశ్వవిద్యాలయాలకు వస్తే, విద్యార్థులు ఒక ప్రశ్న తప్పక అడగాలి: కులవివక్ష నిషేధ బిల్లు మీ సభకు వస్తే మీ ఓటు ఎటు?